ఒకే ఆకు, ఇన్ని చట్టాలు: గుట్కా నిషేధం నుంచి పొగాకు బోర్డు దాకా

2026 ఫిబ్రవరి 1న సిగరెట్ల పన్ను లెక్క మారింది. జీఎస్టీకి అదనంగా వసూలు చేస్తూ వచ్చిన పరిహార సెస్సు పోయి 40 శాతం జీఎస్టీ, దానికి తోడు కొత్త ఎక్సైజ్ సుంకం వచ్చాయి. అదే రోజు బీడీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. గుట్కా అమ్మకూడదని తెలుగు రాష్ట్రాల్లో ఏడాదికోసారి ఉత్తర్వు వస్తూనే ఉంది. ఈ-సిగరెట్ దేశమంతటా నిషిద్ధం. అదే పొగాకును పండించే రైతుకు లైసెన్సు ఇచ్చి, వేలం కేంద్రాలు నడిపి, ఎగుమతులు పెంచే పని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ గుంటూరులో ఉంది.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తికమకే. హాని చేసేదే అయితే అన్నిటికీ ఒకే నియమం ఉండాలి కదా? ఒకదానికి నిషేధం, ఒకదానికి పన్ను, ఇంకోదానికి తగ్గింపు ఎందుకు? మన పొగాకు విధానం ఎవరో ఒకచోట కూర్చుని ఒక్కసారిగా రాసింది కాదు. ఏ సరుకు ఏ చట్టం చేతికి ముందు చిక్కింది, దాని మీద ఎందరి బతుకు ఆధారపడి ఉంది, ఈ రెండే చాలావరకు దాని రాతను తేల్చాయి. ఒంటికి ఎంత చేటు అన్న లెక్క చాలాసార్లు వెనకబడింది. ఈ వరస తెలిస్తేనే రోజూ వచ్చే వార్తలు అర్థమవుతాయి.

నికోటిన్ చేసేదేమిటి, పొగ చేసేదేమిటి

నికోటిన్ పొగాకు ఆకులో సహజంగా ఉండే పదార్థం. వదల్లేని అలవాటుకు మూలం అదే. రక్తపోటును, గుండె వేగాన్ని పెంచుతుంది, గర్భంలోని పిండానికి, ఎదిగే వయసు మెదడుకు మంచిది కాదు. కానీ సిగరెట్, బీడీ, చుట్ట తాగేవారికి వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు, గుండెజబ్బుకు ప్రధాన కారణం ఆకు కాలినప్పుడు పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడ్, వేల రకాల రసాయనాలు. నమిలే పొగాకులో పొగ లేదు. అక్కడ నైట్రోసమైన్లనే పదార్థాలు నోటి క్యాన్సర్ తెస్తాయి. గుట్కాలో పొగాకుతోపాటు వక్క కూడా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం వక్కను కూడా క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ‘పొగాకు లేని పాన్ మసాలా’ అన్నంత మాత్రాన అది నిరపాయం కాదు.

మన దేశంలో ఎవరు ఏది వాడుతున్నారో తెలియకపోతే విధానం గురించి మాట్లాడలేం. పెద్దల్లో పొగాకు వాడకంపై 2016-17లో జరిగిన రెండో గాట్స్ సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవారిలో 28.6 శాతం, అంటే దాదాపు 26.7 కోట్ల మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. నమిలేవారు 21.4 శాతం. బీడీ తాగేవారు 7.7 శాతం. సిగరెట్ తాగేవారు 4 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం వాడకం 20 శాతం, తెలంగాణలో 17.8 శాతం. పొగాకు అనగానే మనకు సినిమాలో హీరో సిగరెట్టే గుర్తుకొస్తుంది. అంకెలు మాత్రం ఖైనీ, గుట్కా, బీడీల వైపు వేలు చూపిస్తున్నాయి.

కోట్పా: అమ్మొచ్చు, కానీ ఇలా అమ్మాలి

మూలచట్టం 2003 నాటిది. సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం అనే దీన్ని అందరూ ‘కోట్పా’ అంటారు. ఇది దేన్నీ నిషేధించదు. అమ్మకానికీ, వాడకానికీ హద్దులు గీస్తుంది. సిగరెట్, బీడీ, చుట్ట, ఖైనీ, జర్దా, ముక్కుపొడుం, గుట్కా, చివరికి పొగాకు కలిపిన పళ్లపొడి కూడా దీని జాబితాలో ఉన్నాయి.

బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగకూడదు. తాగితే 200 రూపాయల దాకా జరిమానా. 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదు. విద్యాసంస్థలకు వంద గజాల లోపల అమ్మకూడదు. ప్రకటనలు ఇవ్వకూడదు. ప్యాకెట్‌కు రెండువైపులా 85 శాతం మేర బొమ్మతో కూడిన హెచ్చరిక ఉండాలి. ఈ 85 శాతం నియమం 2016 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేస్తే, 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది.

కాగితం మీద ఇది గట్టి చట్టమే. నీరుగారేది కిళ్లీ కొట్టు దగ్గర. పది సిగరెట్ల ప్యాకెట్ కొన్నవాడికి హెచ్చరిక బొమ్మ కనబడుతుంది. ఒక్కటే కొని అక్కడే వెలిగించినవాడికి ప్యాకెట్టే కనబడదు. కాలేజీ కుర్రాడు మొదటిసారి కొనేది చాలావరకు ఈ విడి సిగరెట్టే. విడి అమ్మకాన్ని మహారాష్ట్ర 2020లో ఆపింది. కొనే వయసును కర్ణాటక 21 ఏళ్లకు పెంచింది. తెలంగాణ 2024 ఫిబ్రవరిలో కోట్పాకు సవరణ తెచ్చి హుక్కా పార్లర్లను మూయించింది. కేంద్రం కూడా 21 ఏళ్ల వయసు, విడి అమ్మకాల నిషేధం వంటి అంశాలతో 2020 చివర్లో ఒక ముసాయిదా సవరణ బిల్లు తెచ్చి అభిప్రాయాలు అడిగింది. వ్యాపారులు, రైతు సంఘాలు అభ్యంతరం చెప్పాయి. అది చట్టం కాలేదు. చిన్న కొట్టు నడుపుకునేవాడి రోజు సంపాదనలో విడి సిగరెట్ల వాటా పెద్దది కాబట్టి వారి అభ్యంతరాన్ని తీసిపారేయలేం. అయినా హెచ్చరిక బొమ్మ కోసం ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడి, ఆ బొమ్మ కంటపడకుండా అమ్మే దారిని వదిలేయడం పెద్ద లోపమనే నేననుకుంటాను.

గుట్కా నిషేధం ప్రతి ఏడాదీ కొత్తగా ఎందుకు వస్తుంది

గుట్కా కోట్పా జాబితాలో ఉంది. ఆ చట్టం ప్రకారం హెచ్చరికతో అమ్మొచ్చు. మరి నిషేధం ఎక్కడి నుంచి వచ్చింది? ఆహార చట్టం నుంచి.

అంతకుముందు కొన్ని రాష్ట్రాలు పాత ఆహార కల్తీ చట్టం కింద గుట్కాను ఆపాలని చూశాయి. 2004లో గొడావత్ పాన్ మసాలా కేసులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. రాష్ట్ర అధికారికి ఉన్నది అత్యవసర పరిస్థితిలో తాత్కాలికంగా ఆపే అధికారమే కానీ, శాశ్వత విధానం చేసే అధికారం కాదన్నది ఆ తీర్పు సారం. తర్వాత 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చింది. 2011లో దాని కింద చేసిన నిబంధన ఒక్క వాక్యంతో దారి తెరిచింది: ఏ ఆహార పదార్థంలోనూ పొగాకు, నికోటిన్ కలపకూడదు. గుట్కా నోట్లో వేసుకుని నమిలేది కనుక ఆహారమే, ఆహారం కనుక అందులో పొగాకు ఉండకూడదు, ఇదీ వాదన. 2012 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్ మొదలుపెట్టింది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టింది.

ఏటా ఉత్తర్వు ఎందుకంటే, ఆ చట్టంలోని 30వ సెక్షన్ ఆహార భద్రత కమిషనర్‌కు ఒక సరుకును ఏడాదికి మించకుండా నిషేధించే అధికారమే ఇచ్చింది. గడువు తీరగానే మళ్లీ జారీ చేయాలి. ఇలా ఏటా పొడిగించడమంటే దొడ్డిదారిన శాశ్వత నిషేధం పెట్టడమేనని తయారీదారుల వాదన. 2022లో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం దాన్ని ఒప్పుకొంది. 2023 ఏప్రిల్‌లో అదే హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టి నిషేధాన్ని నిలబెట్టింది. ప్రజారోగ్యం ఏడాదికోసారి తీరిపోయే సమస్య కాదు కాబట్టి ఉత్తర్వు మళ్లీ మళ్లీ రావడంలో తప్పులేదన్నది ప్రభుత్వాల పక్షం. రెండు వాదనల్లోనూ పస ఉంది. పార్లమెంటు నేరుగా నిషేధ చట్టం చేసి ఉంటే ఇంత తిరకాసు ఉండేది కాదు.

నిషేధం వచ్చాక తయారీదారులు దారి మార్చారు. కొట్టులో రెండు పొట్లాలు వేలాడుతుంటాయి. ఒకటి పాన్ మసాలా, అందులో పొగాకు లేదు. రెండోది జర్దా, అందులో వక్క లేదు. మొదటిది ఆహార చట్టానికి లోబడే ఉంది, రెండోది కోట్పా ప్రకారం హెచ్చరికతో అమ్మే పొగాకు. కొన్నవాడు రెండూ చించి అరచేతిలో కలుపుకుంటే తయారయ్యేది గుట్కాయే. విడిగా చూస్తే ఏదీ నేరం కాదు. ఈ ఎత్తును సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో గమనించి, నిషేధాన్ని కచ్చితంగా అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. అందుకే ఆ తర్వాతి ఉత్తర్వుల్లో ‘విడివిడిగా ప్యాక్ చేసినా, కలిపి వాడటానికి వీలుగా ఉంటే’ అనే ధోరణి మాటలు చేరాయి.

ఇంకో చిక్కు కేసుల దగ్గర ఉంది. లారీ పట్టుబడింది, లక్షల విలువైన గుట్కా స్వాధీనం అన్న వార్తలు మనకు కొత్త కాదు. పట్టుకునేది ఎక్కువగా పోలీసులు. ఆహార చట్టం ప్రకారం నమూనా తీసి, పరీక్షకు పంపి, కేసు నడపాల్సింది ఆహార భద్రత అధికారి. పోలీసులు శిక్షాస్మృతిలోని హానికర ఆహారం సెక్షన్లు పెడతారు. ఆహార చట్టంలో ప్రత్యేకంగా శిక్ష ఉన్నప్పుడు ఐపీసీ 272, 273 సెక్షన్ల కింద సమాంతరంగా కేసు నడపడం చెల్లదని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో చెప్పింది. చిన్న దుకాణదారుపై పెట్టిన కేసులు హైకోర్టుల్లో వీగిపోవడానికి ఇలాంటి కారణాలే మూలం. తయారీ ఎక్కడ జరుగుతోందో అక్కడిదాకా కేసు చేరడం అరుదు.

ఈ-సిగరెట్: కొత్తగా వచ్చింది కాబట్టి ఆపగలిగారు

ఈ-సిగరెట్‌లో ఆకు కాలదు. నికోటిన్ కలిపిన ద్రవాన్ని బ్యాటరీ వేడి చేస్తే ఆవిరి వస్తుంది. కేంద్రం 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు, ఆ డిసెంబరులో చట్టం తెచ్చింది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషిద్ధం. నిల్వ తప్ప మిగతావాటికి మొదటి తప్పుకు ఏడాది దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా లేదా రెండూ, మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. నిల్వకు శిక్ష ఇంతకంటే తక్కువ. నికోటిన్ లేని పరికరానికీ, పొగాకును కాల్చకుండా వేడి మాత్రమే చేసే పరికరానికీ ఇదే నిషేధం. తాగేవాడికి మాత్రం ఈ చట్టంలో శిక్ష రాయలేదు.

దీని మీద నిపుణుల్లోనే చీలిక ఉంది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ సిగరెట్ మానడానికి ఈ-సిగరెట్‌ను ఒక సాధనంగా వాడుతోంది. తారు, కార్బన్ మోనాక్సైడ్ లేవు కనుక ఎప్పటినుంచో తాగేవారికి ఇది తక్కువ కీడన్నది వారి లెక్క. అదే బ్రిటన్ పిల్లల్లో వాడకం పెరిగిందని 2025 జూన్ నుంచి ఒకసారి వాడి పారేసే పరికరాల అమ్మకాన్ని ఆపేసింది. ఇటువైపు వాదన: ఇప్పటిదాకా ఏ అలవాటూ లేని పిల్లలు పళ్ల రుచుల ఆశకు నికోటిన్‌కు చిక్కుతారు, ఒకసారి మార్కెట్ వేళ్లూనుకుంటే ఆపడం ఎవరివల్లా కాదు.

బ్రిటన్ వాదనను ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకోవడం కుదరదని నా అభిప్రాయం. అక్కడ పొగాకు అంటే దాదాపుగా సిగరెట్టే. ఇక్కడ సిగరెట్ వాటా చిన్నది. నెలకు వేలు పోసి పరికరం కొనే స్థోమత ఖైనీ నమిలే కూలీకో, బీడీ తాగే రైతుకో లేదు. కాబట్టి ఈ-సిగరెట్ ఇక్కడ మేలు చేయగలిగేది పట్నంలోని కొద్దిమందికే, ప్రమాదం మాత్రం కాలేజీలన్నిటికీ. అయితే నిషేధాన్ని సమర్థించేవారు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. కాలే సిగరెట్ ప్రతి కొట్టులో దొరుకుతుంటే, కాలని దాన్ని మాత్రమే నేరం చేయడం ఎలా సమంజసం? నిజాయతీగల జవాబు ఒక్కటే. ఈ-సిగరెట్‌కు 2019 నాటికి ఇక్కడ రైతులు లేరు, కార్మికులు లేరు, ఖజానాకు చెప్పుకోదగ్గ రాబడి లేదు. ఆపడం తేలికైంది.

మానాలనుకునేవారి కోసం వచ్చే నికోటిన్ చూయింగ్ గమ్ మళ్లీ ఇంకో చట్టం కిందకు వస్తుంది. అది ఔషధం. రెండు మిల్లీగ్రాముల గమ్ డాక్టర్ చీటీ లేకుండా దొరుకుతుంది.

పన్ను లెక్క: సిగరెట్ ఎందుకు ఖరీదు, బీడీ ఎందుకు చౌక

పొగాకు వాడకం తగ్గించే సాధనాల్లో ధర పెంచడమే బలమైనదని ఆరోగ్య ఆర్థికవేత్తలు దాదాపు ఏకాభిప్రాయంతో చెబుతారు. చిల్లర ధరలో పన్ను వాటా కనీసం 75 శాతం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు.

కొత్త పద్ధతిలో సిగరెట్‌పై రెండు రకాల పన్నులున్నాయి. ఎక్సైజ్ సుంకం పొడవును బట్టి ఇంత అని రూపాయల్లో ఉంటుంది. 65 మిల్లీమీటర్ల లోపు ఫిల్టర్ సిగరెట్‌కు వెయ్యికి 2,100 రూపాయలు, అంటే ఒక్కోదానికి 2 రూపాయల 10 పైసలు. 70 నుంచి 75 మిల్లీమీటర్ల దానికి 5 రూపాయల 40 పైసలు. జీఎస్టీ ధరలో శాతంగా ఉంటుంది. ఈ తేడా తెలుసుకోవడానికి ఊహించిన అంకెలతో ఒక లెక్క వేద్దాం. దుకాణదారు లాభాన్నీ, చిన్న సుంకాలనూ పక్కన పెడదాం.

పొడవు సిగరెట్లు పది ఉన్న ప్యాకెట్. పన్నులు లేకుండా కంపెనీ ధర 40 రూపాయలు. ఎక్సైజ్ 54 రూపాయలు. మొత్తం 94. దానిపై 40 శాతం జీఎస్టీ 37.60. అమ్మకం ధర 131.60. ఇందులో పన్ను 91.60, అంటే దాదాపు 70 శాతం. కొన్నేళ్లకు కంపెనీ తన ధరను 60కి పెంచిందనుకుందాం, ఎక్సైజ్ మాత్రం కదల్లేదు. 60కి 54 కలిపి 114, జీఎస్టీ 45.60, ధర 159.60. పన్ను వాటా 62 శాతానికి దిగింది. రూపాయల్లో ఉండే సుంకాన్ని ఏటా సవరించకపోతే ద్రవ్యోల్బణం దాన్ని తినేస్తుంది. 2017 జూలై తర్వాత పరిహార సెస్సు విషయంలో జరిగింది అదే. సిగరెట్లపై దాన్ని ఏళ్ల తరబడి పెంచలేదు, జనం ఆదాయం పెరిగింది, సిగరెట్ మరింత అందుబాటులోకి వచ్చింది.

ఇప్పుడు బీడీ కట్ట. పన్ను లేకుండా 20 రూపాయలనుకుంటే 18 శాతం జీఎస్టీతో 23.60. పన్ను వాటా 15 శాతం చిల్లర. బీడీ పొగలో తారు, నికోటిన్ సిగరెట్ కంటే తక్కువేమీ ఉండవు. ఆరిపోకుండా ఉండాలని తాగేవాడు గట్టిగా, ఎక్కువసార్లు పీల్చాలి. పేదవాడు తాగేది కనుక పన్ను వేయకూడదన్నది ఒక వాదన. పేదవాడికే జబ్బు ఖర్చు మోయలేని భారం కనుక అతణ్నే ముందు కాపాడాలన్నది ఎదురు వాదన. నేను రెండోదాని పక్షం.

కానీ బీడీ దగ్గర అసలు అడ్డు తాగేవాడు కాదు, చుట్టేవాళ్లు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం కట్టే ఆడవాళ్లు లక్షల్లో ఉన్నారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. పొలం పని లేకపోయినా, ఇంట్లో పసిపిల్లలున్నా చేసుకోగలిగే పని అదొక్కటే. తెలంగాణ ప్రభుత్వం వారికి నెలకు 2,016 రూపాయల పింఛను ఇస్తోంది. పన్ను పెరిగితే కంపెనీలు ముందు తగ్గించేది వారానికి ఇచ్చే పనిదినాలనే. వీరికి ఇంకో పని చూపకుండా బీడీ ధర పెంచే ధైర్యం ఏ పార్టీకీ లేదు, ఆ పని చూపే ప్రయత్నమూ గట్టిగా జరగలేదు.

పన్ను మరీ పెంచితే దొంగ సిగరెట్లు వస్తాయన్నది కంపెనీల వాదన. మార్కెట్‌లో దాదాపు నాలుగో వంతు అక్రమ సరుకేనని అవి చెబుతాయి. స్వతంత్ర పరిశోధకుల అంచనాలు అంతకంటే బాగా తక్కువ. పూర్తి నిషేధం సంగతి వేరు. భూటాన్ 2004లో పొగాకు అమ్మకాన్ని ఆపేసింది. సరిహద్దు దాటి దొంగ సరుకు వస్తూనే ఉండేది. కోవిడ్ కాలంలో ఆ రవాణాతోపాటు వైరస్ కూడా వస్తుందన్న భయంతో 2021లో నిషేధం ఎత్తేసింది. మాల్దీవులు 2025 నవంబరు నుంచి మరో దారి పట్టాయి. 2007 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి ఎప్పటికీ పొగాకు అమ్మరు. ఇలాంటి చట్టాన్నే న్యూజిలాండ్ 2022లో చేసి, అమలు కాకముందే 2024లో రద్దు చేసుకుంది.

ఒంగోలు నేలల్లో బ్యారన్, ఢిల్లీలో ఆరోగ్య శాఖ

పొగాకు బోర్డు 1975 చట్టంతో పుట్టి 1976 నుంచి పనిచేస్తోంది. అది వాణిజ్య శాఖ కింద ఉంది. ఎగుమతులు పెంచడం, రైతుకు గిట్టుబాటు ధర ఇప్పించడం దాని బాధ్యత. వాడకం తగ్గించాల్సిన బాధ్యత ఆరోగ్య శాఖది. పొగాకు నియంత్రణపై అంతర్జాతీయ ఒప్పందాన్ని మన దేశం 2004లోనే ఆమోదించింది. ఒకే ప్రభుత్వం రెండు చేతులతో రెండు పనులు చేస్తోంది. పైగా అతిపెద్ద సిగరెట్ కంపెనీ ఐటీసీలో ఎల్‌ఐసీకి గణనీయమైన వాటా ఉంది.

దీన్ని కపటమని కొట్టిపారేయడం తేలిక. ప్రకాశం, నెల్లూరు మెట్టల్లో రైతు వైపు నుంచి చూస్తే అంత తేలిక కాదు. తక్కువ నీటితో పండుతుంది. ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌కు లైసెన్సు ఉంటే బ్యాంకు అప్పు పుడుతుంది. టంగుటూరు, కొండపి, పొదిలి వంటి వేలం కేంద్రాల్లో బేళ్లు, అంటే ఆకు కట్టలు, పెడితే ధర అందరి ముందూ తేలుతుంది. శనగకో, కందికో ఇలాంటి ఏర్పాటు లేదు. 2023-24లో ఆంధ్రప్రదేశ్‌లో సిగరెట్లకు వాడే వర్జీనియా రకం పొగాకు సగటు ధర కిలోకు 288 రూపాయలు దాటింది. ఆ ధర చూసి మరుసటి ఏడాది సాగు బాగా పెరిగింది, ధర పడింది, లోగ్రేడ్ బేళ్లకు కొనేవారు కరువయ్యారు.

బోర్డు రక్షణ కూడా వర్జీనియా పొగాకుకే. బాపట్ల, పల్నాడు నల్లరేగళ్లలో వేసే నల్లబర్లీ అనే రకం దాని పరిధిలో లేదు. కంపెనీ ప్రతినిధి నోటిమాటే ఒప్పందం. 2025లో కంపెనీలు కొనుగోలుకు వెనకాడితే రైతులు రోడ్డెక్కారు, రాష్ట్ర ప్రభుత్వం సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌తో కొనిపించాల్సి వచ్చింది. జనారోగ్యం కోసం పొగాకు వాడకం తగ్గాలని కోరుతున్న ప్రభుత్వం, ప్రజల డబ్బుతో పొగాకు కొని గోదాముల్లో నిల్వ చేసింది. రైతు అప్పుల్లో కూరుకుపోకుండా అది అవసరమైన పనే.

అంతర్జాతీయ ఒప్పందం 17వ అధికరణంలో పొగాకు రైతులకు, కార్మికులకు లాభసాటి ప్రత్యామ్నాయాలు చూపాలని రాసి ఉంది. రాజమహేంద్రవరంలోని పొగాకు పరిశోధన సంస్థ (ఇప్పుడు దాని పేరు మారింది) ఎన్నో పంటల మీద ప్రయోగాలు చేసింది. ఒక్క పంటతో పొగాకు రాబడి రాదని, రెండుమూడు పంటలు కలిపి వేసే పద్ధతులతో దగ్గరికి రావచ్చని ఆ ప్రయోగాల సారాంశం. విత్తనం, విధానం సిద్ధంగా ఉన్నాయి. ఆ పంటలకు వేలం కేంద్రం లేదు, బ్యారన్ లైసెన్సు చూసి ఇచ్చినట్టు అప్పు ఇచ్చే బ్యాంకు లేదు.